బెండకాయలిచ్చి ఎక్కిన రైలు

మా ఊరి స్టేషన్‌ని పైవాళ్లు మూసేశారని అందరూ తిడతారు. సగం పాపం మాది. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

స్టేషనంటే ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు బెంచీ. పొద్దున్నే విశాఖపట్నం వెళ్లే పాసింజరు అక్కడ ఒక్క నిమిషం ఆగేది. డెబ్భైల చివర్లో కొత్త కోడలిగా, కూరగాయల గంపతో మా అత్త వెనకాల ఆ బండెక్కడానికి వెళ్లాను. నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని కదా, టికెట్టు కొన్నాను. అత్త నెత్తి కొట్టుకుంది.

"టిక్కట్టేటే? గార్డు బాబుకి దోసెడు బెండకాయలెయ్యి, సాలు."

అది మా ఆడవాళ్ల ఆనవాయితీ. ఇరవై మందిమి, ఇరవై గంపలు. గార్డుకి ఏ రోజు ఎవరి గంపలోంచి ఇవ్వాలో వంతులు కూడా ఉండేవి. తెలివైనవాళ్లమని తెగ మురిసిపోయేవాళ్లం.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై గాజువాక వైపు బస్సులు పెరిగాయి. ఒకరోజు సరిగ్గా బండి వేళకి ఒక రైల్వే ఆఫీసరు దిగాడు. ఇక్కడ రోజుకి ఒకటో రెండో టికెట్లు అమ్ముడవుతున్నాయట. ఎవరూ ఎక్కని చోట బండి ఆపడం దండగట. బస్సుల్లో పొమ్మన్నాడు. బస్సు కండక్టర్లు మా గంపల్ని చూస్తేనే రైట్ రైట్ అనేవారు. ఈ బండి పోతే మా కాయలు పాదుల మీదే ముదిరిపోతాయి. ఎక్కుతున్నామంటే దొంగలం, ఎక్కడం లేదంటే బండి పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకల్లా నిలబడ్డాం.

అత్త గంప దించింది.

"నానెక్కుతన్నాను బాబూ. పదేళ్లుగా టిక్కట్టు లేకుండా ఎక్కుతన్నాను. రాసుకో. జైల్లో ఎట్టుకుంటే ఎట్టుకో, బండి మాత్రం ఆపు."

ఆవిడ వెనకే ఒక్కొక్కరూ గంప దించారు. నేనూ దించాను. అంత గర్వం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. ఆఫీసరు మా అందరినీ ఒకసారి చూశాడు. ఏమీ రాయకుండానే కలం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తరవాతి నెల నుంచి బండి ఆగడం మానేసింది. మొదటిరోజు అది మా ముందు నుంచే కూత పెట్టుకుంటూ పోతుంటే కొందరు ఏడ్చారు. నాకైతే ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం, "రేపు సీకట్నే లెగండి" అంది, అంతే.

మర్నాడు తెల్లారకముందే గంపలెత్తుకుని, పట్టాల పక్కనే నాలుగు మైళ్లు నడిచి పై స్టేషనుకి చేరాం. అన్ని గంపల్ని ఒక్కసారి చూసి టికెట్ల గుమస్తా తెల్లబోయాడు.

"ఇంతమంది ఎక్కణ్ణించొచ్చారమ్మా?"

అత్త చెంగుతో మొహం తుడుచుకుని, కిటికీలో చెయ్యి పెట్టింది.

"ఎవులూ ఎక్కని టేసన్నుంచి బాబూ. ఇరవై టిక్కట్లియ్యి."