నాలుగో కొండ

మాది పాలకొల్లు. కాలవ వంతెన దగ్గర తప్ప సైకిలుకి ఎక్కడా ఎత్తు తగలని ఊరు. నలభై నాలుగో ఏట, బదిలీల్లో నాకు రంపచోడవరం దాటాక అడవిలో ఉన్న బడి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, అమ్మ పోయి రెండేళ్ళయింది, ఆగమనేవాళ్ళు ఎవరూ లేరు. వెళ్ళి చేరిపోయాను.

బడి వెనకే ఒక గది దొరికింది. వారంలో ఆరు రోజులు పిల్లల మధ్య బాగానే గడిచేవి. ఆదివారమే గడిచేది కాదు. ఆ ఊళ్ళో చర్చి లేదు. అలవాటుకొద్దీ పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, ఒక కీర్తన చదువుకుని, ఆ తర్వాత చేసేదేమీ లేక గుమ్మంలో కూర్చునేదాన్ని. ఎదురుగా కొండలు. మారేడుమిల్లి వెళ్ళే టూరిస్టులు వాటివైపు చూడరు. ఫోను మ్యాపులో వాటికి పేర్లు కూడా లేవు. ఒక ఆదివారం చీర మార్చుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని, అన్నిటికన్నా చిన్నదాన్ని ఎక్కాను.

దారి కష్టమేమీ కాదు. పశువులు నడిచిన బాట జీడిమామిడి తోట దాకా ఉంటుంది. అక్కడినుంచి కొండచీపురు కోసేవాళ్ళ కాలిబాట. పైన బండమీద కూర్చుని పులిహోర డబ్బా విప్పాను. గాలి బాగుందని పక్కకి తిరిగి అనబోయి, ఊరుకున్నాను.

అలా ఆదివారానికి ఒకటి చొప్పున ఎక్కుతూ వచ్చాను. నాలుగో కొండ పెద్దది. దిగేటప్పుడు వెదురు పొదల దగ్గర బాట రెండుగా చీలింది. నేను పట్టుకున్నది గంట నడిచాక ఆగిపోయింది. వెనక్కి తిరగబోతే కాలు జారి చీలమండ బెణికింది. సిగ్నల్ లేదు. చెట్టుకి ఆనుకుని కూర్చున్నాను. మొదట భయం వేయలేదు. నేను రాలేదని ఎవరికి, ఎప్పుడు తెలుస్తుందా అని ఆలోచించాను. సోమవారం బడిలో ప్రార్థన గంటకి తెలుస్తుంది. అంతకు ముందు తెలిసే మనిషి ఎవరూ లేరు. అప్పుడు ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చాను.

ఏడుపు ఆగాక కిందెక్కడో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఒక కర్ర విరుచుకుని, వాగు పక్కనే కుంటుకుంటూ దిగాను. ఎండ వాలేసరికి ఆ వాగు నన్ను ఊరి మొదట్లోకి చేర్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ అక్కడ బట్టలు ఉతుకుతోంది. కొండరెడ్ల తెగ మనిషి, నాకన్నా పెద్దది, మాట తక్కువ. నన్ను రాయిమీద కూర్చోబెట్టి, ఏదో ఆకు నూరి చీలమండకి కట్టింది. ఏ కొండకి వెళ్ళానని అడిగితే చూపించాను. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు చెప్పింది.

"చెప్పి ఎళ్ళాలి కదండి టీచరుగారూ," అంది.

"ఎవరికి చెప్పాలి?"

ఆవిడ గుడ్డ ముడి బిగించింది. "నాకు చెప్పండి," అంది.

ఆ తర్వాత మూడేళ్ళు, ప్రతి ఆదివారం ఆవిడ వాకిట్లో ఆగి, ఏ కొండో చెప్పి వెళ్ళేదాన్ని. తలూపేది. ఒక్కసారి కూడా నాతో రాలేదు, నేనూ రమ్మనలేదు. పైన ఒక్కదాన్నే కూర్చునేదాన్ని, ఎప్పటిలాగే. దిగొచ్చేసరికి మాత్రం ఆవిడ వాకిట్లో ఏదో పని పెట్టుకుని ఉండేది. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయేది.

కిందటేడు తణుకు దగ్గరికి బదిలీ అయింది. బయల్దేరిన రోజు ఆవిడ సంతకి వెళ్ళింది, నేను బస్సెక్కేదాకా తిరిగి రాలేదు. ఫోను లేని మనిషి. ఇక్కడ చర్చి నాలుగిళ్ళ అవతలే. ఆరాధన అయ్యాక అందరూ చేయి కలిపి బాగున్నారా అంటారు, బాగున్నానండి అంటాను. చల్లబడ్డాక కాలవగట్టు మీద లాకుల దాకా నడిచి వస్తాను.