విక్లో జింకలకు ఎల్క్ తూటాలు

2020 సెప్టెంబరులో నన్ను ఐర్లండ్‌లోని విక్లో కొండల దిగువన ఒక వేటమాంసం ప్లాంటుకు వెటర్నరీ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. వేటగాళ్లు కాల్చి తెచ్చిన జింకను తోలు ఒలిచాక పరీక్షించి, తినడానికి పనికొస్తే ముద్ర వేయడం, పనికిరాకపోతే పారేయించడం నా పని. అంతకుముందు పన్నెండేళ్లు కబేళాల్లో అదే చేశాను. ఇంట్లో పప్పూ చారూ తప్ప వండని గుంటూరు మనిషికి ఈ ఉద్యోగమేమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

కోవిడ్ రాకముందు వేటగాళ్లు జింకను దించి, ఇన్‌స్పెక్టర్‌తో పది నిమిషాలు మాట్లాడి వెళ్లేవారట. నా హయాంలో అది లేదు. గేటు పక్క చల్లగదిలో జింకను వేలాడదీసి, కాలికి ట్యాగు కట్టి వెళ్లిపోవాలి. కాల్చే ముందు జంతువు మామూలుగానే ఉందని, ఎన్ని దెబ్బలకు పడిందో చెబుతూ వేటగాడు సంతకం చేసే కాగితమే ఆ ట్యాగు. నేను మనుషుల్ని చూడను, వాళ్ల సంతకాలు చూస్తాను.

మొదటి నెలంతా జింకల భుజాలతో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తుపాకీ దుకాణాలు సగం మూతపడ్డాయి. అలవాటైన తూటాలు దొరక్క, నక్కల కోసం చేసిన తేలికపాటివి జింకల మీద వాడుతున్నారు. అవి తగలగానే ముక్కలైపోతాయి. భుజం మాంసమంతా నెత్తుటి ముద్ద, అందులో సీసం రవ్వలు. కోసి పారేయడమే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. అందరూ "గ్రాండ్, డాక్టర్" అన్నారు, అంటే సరేనని, మళ్లీ అవే తూటాలు వాడారు.

విసిగిపోయి అక్టోబరు చివర ఒక నోటు రాశాను. లోపలికి వెళ్లాక పగలని తూటాలే వాడండి, లేదంటే మాంసం తిరస్కరిస్తాను అని. కింద సంతకం చేసి అందరికీ పంపించాను.

నవంబరులో భుజాలు శుభ్రంగా వచ్చాయి. నేను పొంగిపోయాను. మావారు డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారు. ఆ రోజుల్లో ఆఫీసంతా మా భోజనాల బల్ల మీదే. అన్నం తింటూ నా ఘనకార్యం చెబితే నవ్వారు.

"డాక్టరమ్మా, తప్పులే తగ్గాయా, నీ దాకా వచ్చేవి తగ్గాయా?"

"మీ టెస్టింగ్ గోల నా దగ్గర వద్దండీ," అన్నాను.

ఆ వారమే డెక్లన్ జింక వచ్చింది. డెక్లన్‌కు అరవై దాటాయి. గొర్రెల రైతు. ఇరుగుపొరుగు వేసిన లేత అడవి మొక్కల్ని జింకలు మేయకుండా కాల్చే పని కూడా ఆయనదే. ఆయన ట్యాగుల్లో ఒక్కనాడూ తేడా రాలేదు. ఈ ఆడజింక ట్యాగు మీద 'ఒకే దెబ్బ, నడవడి మామూలు' అని ఉంది. భుజం వెనక తాజా గాయం సరే. పొట్టలో ఇంకో చిన్న రంధ్రం ఉంది. దాని అంచులు పచ్చబడి, వాసన వేస్తోంది. అది ముందురోజుది. జంతువు ఒక రాత్రంతా పొట్టలో దెబ్బతో తిరిగింది.

మొత్తం కళేబరాన్ని తిరస్కరించాను. అంతటితో అయిపోదు. ట్యాగులో అబద్ధం రాసినవాడి పేరు అనుమతి ఉన్న వేటగాళ్ల జాబితా నుంచి కొట్టేయాలి. కొట్టేస్తే ఆ చుట్టుపక్కల ఎవరూ తుపాకీతో ఆయన్ను తమ గేటు దాటనివ్వరు.

ఒళ్లు మండి ఫోన్ చేశాను. ఎందుకు రాయలేదని నిలదీశాను. సిగ్గేసింది అన్నాడు. ఏ తూటా అని అడిగితే పెట్టె తెచ్చి చదివాడు. దాని మీద 'డీర్ అండ్ ఎల్క్' అని ఉంది, అంటే జింకలకూ, గుర్రమంత ఉండే ఎల్క్‌కూ.

"ఎల్క్ ఎక్కడుంది డెక్లన్ ఈ దేశంలో? ఎప్పుడో అంతరించి, ఎముకలై మ్యూజియంలో నిలబడింది."

"నాకు తెలుసు డాక్టర్. పగలని తూటా వాడమని మీరే రాశారు. ఇదొక్కటే పగలదన్నాడు షాపతను. మీ నోటు వంటింటి అల్మరా తలుపుకే అంటించుకున్నాను." ఆపైన ఇదీ చెప్పాడు. "ఈ తూటా తగిలి పారిపోయినవాటిలో ఇది మూడోది. ముందు రెండూ దొరకనే లేదు."

ఎల్క్ మా కొండల్లో తిరిగే చిన్న సికా జింకకు ఎన్నో రెట్లుంటుంది. దాని ఎముకలు దాటాలని గట్టిగా చేసిన తూటా, సికా పక్కటెముకల మధ్య విచ్చుకోకుండా దబ్బనంలా అవతలికి పోతుంది. మాంసం పాడవదు, జింక పడదు. తూటా పగలకూడదని రాశాను. లోపల వెడల్పుగా విచ్చుకుని జింకను వెంటనే పడేయాలని రాయలేదు. ఇంకో నలుగురికి ఫోన్ చేస్తే ఇద్దరు అదే మాట అన్నారు. నాకు శుభ్రంగా కనిపించిన నెలలో, రాని జింకలు పొదల్లో పడి చచ్చాయి.

పైవాళ్లకు పంపే రిపోర్టులో ట్యాగు సంగతి మాత్రం రాస్తే చాలు, నోటు ఊసెందుకని ప్లాంటు మేనేజర్ సలహా ఇచ్చాడు. అలా రాస్తే డెక్లన్ ఒక్కడే దోషి అవుతాడు. నేను రెండూ రాసి, నా నోటు ప్రతిని జతచేశాను. ఆయన పేరు శాశ్వతంగా కాక ఆ సీజన్‌కే తీసేశారు. నాకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. పాత నోటు రద్దు చేసి కొత్తది రాశాను. కాల్చే జంతువు బరువుకు తగ్గట్టు విచ్చుకునే తూటా వాడాలి, పారిపోయిన జింక సంగతి ట్యాగు మీద రాయాలి అని. ఈసారి పంపే ముందు డెక్లన్‌కు చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దించాడు.

మరుసటి సీజన్‌లో ఆయన తెచ్చిన మొదటి జింక ట్యాగు మీద 'రెండు దెబ్బలు, మొదటిది సరిగా తగల్లేదు' అని ఉంది. పరీక్షించి ముద్ర వేశాను.

ఇన్‌స్పెక్టర్‌కు కనిపించేది బల్ల మీదికి వచ్చినదే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ వారం తిరస్కరణలు తగ్గినా వేటగాళ్లకు ఫోన్ చేసి, దొరకనివి ఎన్ని అని అడుగుతూ వచ్చాను.