బురుల్ పేరున్న చీటీలు

మా కరాకోల్‌లో కేకు చేయని ఆడది లేదు. ఎవరింటికి వెళ్లినా పొయ్యి మీద తేనె మరుగుతూ ఉంటుంది. బిడ్డ తొలి అడుగుల పండగకో, పెళ్లికో ఎవరో ఒకరు ఏడు పొరల కేకు మోసుకుంటూ వీధి దాటుతూనే ఉంటారు. అలాంటి ఊళ్లో ఇంట్లో కేకులు చేయడానికి లైసెన్సు తెచ్చుకున్న మనిషి బురుల్ ఒక్కతే. జనం నవ్వరా మరి? కడుపుబ్బా నవ్వారు. "రేపు తుమ్మడానికి కూడా కాగితం తెచ్చుకుంటుందేమో" అంది ఎదురింటామె, గేటు దగ్గర నిలబడి, బురుల్‌కి వినబడేలాగే.

బురుల్‌కి ఒళ్లు మండింది. ఆమెకి ఒళ్లు మండడం కొత్తేమీ కాదు లెండి. పంతొమ్మిదేళ్లు ఊరి చివర శానటోరియం వంటగదిలో పనిచేసింది. తెల్లకోటు, తలకి టోపీ, పొట్టిగా కత్తిరించిన గోళ్లు, ప్రతి పళ్లెం మీద తేదీ. శానటోరియం మూతపడి ఇంటికొచ్చాక ఇంట్లో తోడికోడలు తొతుయా, వేసుకున్న గౌనుకి చెయ్యి తుడుచుకుని అదే చేత్తో క్రీము రాస్తూ కనిపించేది. బురుల్‌కి అది రోత. ఆ మాట దాచుకోకుండా చెప్పేది కూడా. అందుకే ఆ ఇంట్లో ఆమె అందరికీ కంట్లో నలుసు.

తొతుయా బురుల్ బావగారి భార్య. అన్నదమ్ములిద్దరూ ఒకే వాకిట్లో చెరో ఇంట్లో కాపురం, మధ్య ఇంట్లో అత్తగారు కల్బూబు. తొతుయా కేకులకి కాగితమూ లేదు, గీగితమూ లేదు. బజార్లో బల్ల వేసుకుని అమ్ముతుంది. వచ్చినవాళ్లని ముందు వాళ్ల చెల్లెలి పేరు అడుగుతుంది, చెల్లెలి కూతురి చదువు అడుగుతుంది, ఆ తర్వాతే కేకు అంటగడుతుంది. బురుల్ భర్త ఎసెన్‌కుల్ ఉన్నాడు గానీ, పొద్దస్తమానం మినీబస్సు నడిపి ఇంటికొచ్చాక నోట్లో నాలుక లేని మనిషి.

వాకిలి మూల పాత వేసవి వంటిల్లు ఒకటి ఉండేది. కోళ్లు గుడ్లు పెట్టుకునేవి అందులో. బురుల్ దాన్ని అడిగి తీసుకుంది. కడిగింది, సున్నం వేయించింది, గోడలకి తెల్ల పలకలు అతికించింది, నీళ్ల గొట్టం లాగించింది, రెండేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆ గది పేరు మీద, తన పేరు మీద లైసెన్సు వచ్చిన రోజున అద్దం కట్టించి గోడకి వేలాడదీసింది. కల్బూబు వచ్చి చూసి పెదవి విరిచింది.

"అద్దంలో నీ మొహం బానే ఉందే. ఆర్డర్లేవీ? చలి మొదలయ్యేలోపు ఈ గది పనికొచ్చేదని చూపించు. లేదంటే పెద్దోడు కారు పెట్టుకుంటాడు."

గది పోతే లైసెన్సు పోతుంది. ఇంకో చోటికి ఆ కాగితం పనికిరాదు. ఆ సంగతి అత్తకి తెలుసు, బురుల్‌కీ తెలుసు.

ఆ కోపంలోనే బురుల్ పద్ధతిగా అన్నీ ఏర్పాటు చేసింది. తన పేరూ లైసెన్సు నంబరూ ఉన్న చీటీలు చుట్టలు చుట్టలుగా అచ్చు వేయించింది. చేసిన ప్రతి కేకు ఫొటో తీసి ఒక ఫైలులో పెట్టింది. గేటుకి బోర్డు కట్టింది: ఆర్డరు మూడు రోజుల ముందు ఇవ్వాలి, వంటగదిలోకి బయటివాళ్లు రాకూడదు, రుచి చూసేందుకు డబ్బా ఇంటికి ఇస్తాం. మర్నాటికి దాని కింద బొగ్గుతో ఎవడో రాసి పెట్టాడు: "ముందు మీ అత్త దగ్గర లైసెన్సు తెచ్చుకో". బురుల్ తుడిచేసింది. మళ్లీ రాశారు. మళ్లీ తుడిచింది.

వేసవి చివర్లో జూరాకన్ ఫోను చేసింది. సరస్సు దారిలో కొత్తగా పెళ్లిళ్ల హాలు కట్టించిన ఆవిడ. పెద్ద మనిషి, ఆవిడ మాట ఊళ్లో చెల్లుతుంది. "నా హాలుకి ఏడాది పొడుగునా కేకులు చేసేవాళ్లు ఒక్కరే ఉండాలమ్మా. కాగితాలున్న మనిషి కావాలి. బుధవారం వచ్చి చూస్తాను" అంది.

ఇక బురుల్ నిలవగలదా? రెండు రోజులు గది తోమింది, కిటికీ తోమింది, తోమిన చోటే మళ్లీ తోమింది. మూడు రకాల కేకు ముక్కలు మూడు డబ్బాల్లో పెట్టి మూతలు బిగించి చీటీలు అతికించింది. తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంది. ఈ ఒక్క ఆర్డరు వస్తే గది తనదే. ఇక ఎవరూ నోరెత్తరు.

బుధవారం జూరాకన్ వచ్చింది. బురుల్ గేటు దగ్గరే ఎదురెళ్లి, "నమస్కారం, సరిగ్గా సమయానికొచ్చారు" అంది. చెప్పుల మీద తొడుక్కోవడానికి ప్లాస్టిక్ సంచులిచ్చింది. జూరాకన్ ఒకసారి వాటి వంక, ఒకసారి బురుల్ వంక చూసి, గోడ పట్టుకుని వంగి తొడుక్కుంది. అరవై దాటిన మనిషి. బురుల్ గుమ్మం దగ్గరే నిలబెట్టి లోపలంతా చూపించింది. ఇది పిండి, ఇది ఫ్రిజ్జు, ఇవి తేదీలు. ఫైలు తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పింది. డబ్బాలు సంచిలో పెట్టి చేతికిచ్చింది.

"ఇంటికెళ్లి తీరిగ్గా రుచి చూసి చెప్పండి. ఇక్కడ తినడం నిబంధనలకి విరుద్ధం."

జూరాకన్ కాసేపు అలాగే నిలబడింది. బురుల్ కూడా నిలబడింది. "ఇంకేమైనా అడగాలా?" అంది.

"ఏం లేదమ్మా. శుభ్రంగా ఉంది" అని జూరాకన్ బయటికి నడిచింది.

మా దగ్గర పగవాడు గడప తొక్కినా రొట్టె ముక్క నోట పెట్టనిదే పంపం. తొందరలో ఉన్నా సరే, గేటు దాకా పరిగెత్తి మరీ రొట్టె అందిస్తాం, వాళ్లు కొంచెం గిల్లి నోట్లో వేసుకుని వెళ్తారు. బురుల్‌కి తెలియదా? ఆ రొట్టె తింటూ పెరిగిందే. కానీ ఆ పూట వచ్చింది చుట్టం కాదు, ఖాతాదారు అనుకుంది. శానటోరియంలో డాక్టర్లొచ్చినా వంటగదిలో ఎవరికీ ఏమీ పెట్టేవాళ్లు కాదు. అదే పద్ధతి అనుకుంది. ఎంత తెలివిమాలిన పని చేసిందో ఆమెకి వాకిట్లో తొతుయా గొంతు వినబడేదాకా తెలియలేదు.

"అయ్యో అయ్యో, జూరాకన్ అక్కా! మా వాకిట్లోంచి నోట్లో రొట్టె ముక్క పెట్టుకోకుండా వెళ్తారా? మమ్మల్ని బతకనిస్తారా ఊళ్లో? రండి, మీగడ ఉంది, వేడి టీ ఉంది. ఆ కవర్లు విప్పేయండి ముందు, ఎవరు తొడిగారు మీ కాళ్లకి?"

జూరాకన్ నవ్వింది. వచ్చాక మొదటిసారి నవ్వడం అది. తొతుయా ఇంట్లోకి వెళ్లి గంటన్నర కూర్చుంది. కిటికీలోంచి బురుల్‌కి ఆ నవ్వులన్నీ వినిపించాయి. కోటు విప్పకుండా అలాగే నిలబడింది. తన మీద తనకి అసహ్యం వేసింది.

సాయంత్రం ఎసెన్‌కుల్ నసిగాడు. "ఒక్క ముక్క రొట్టె పెడితే పోయేది కదే..."

"ఇరవై ఏళ్లకి ఇవాళా నీకు మాటలొచ్చింది? తిని పడుకో."

మర్నాడు కల్బూబు గదిలోకే వచ్చింది, చెప్పులతోనే. వెనకాల తొతుయా.

"జూరాకన్ ఈ శనివారం పెళ్లి కేకులు మీ అక్కకిచ్చింది. కాగితం మాత్రం ఉండాలంటోంది. నీ కాగితం దీనికివ్వు" అంది అత్త.

"అది ఇచ్చి పుచ్చుకునేది కాదత్తమ్మా. దాని మీద నా పేరుంది. ఈ గదిలో నేను చేసిన దానికే అది."

"ఒకే వాకిలి, ఒకే ఇంటిపేరు. నీదేంటి, దానిదేంటి?" అంది కల్బూబు.

తొతుయా గొంతు తీపి చేసింది. "చీటీలైనా ఇవ్వు చెల్లీ. డబ్బాల మీద అతికిస్తే చాలు. నీ పేరే కదా పదిమందిలో మోగేది!"

"నీ గౌనుకి తుడిచిన చేతులకి నా పేరు అతికించమంటావా? ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఎవర్ని పట్టుకుంటారు, నిన్నా?"

"చూశారా అత్తమ్మా! నా చేతులు మురికంట! మీ మనవల్ని పెంచిన చేతులు!"

"దీనికి గుండె ఉండాల్సిన చోట సబ్బు ముక్క ఉంది" అంది కల్బూబు. "ఇవ్వకపోతే గది ఖాళీ చెయ్. చలిదాకా కూడా ఆగను."

వాళ్లు బయటికి వెళ్లగానే బురుల్ తలుపు వేసేసింది. తలుపు ఇటుపక్క కూర్చుని పళ్లు కొరుక్కుంది.

శుక్రవారం మధ్యాహ్నం బీరువా తీసి చూస్తే చీటీల చుట్ట ఒకటి తక్కువ. ఎవరు తీశారని అడగక్కర్లేదు, గది తాళానికి రెండో చెవి అత్త నడుముకే వేలాడుతుంది. బురుల్ మిగిలిన చుట్టలు లెక్కపెట్టి తన సంచిలో వేసుకుంది. శనివారం పొద్దున్నే తెల్లకోటు వేసుకుని భర్త బస్సెక్కి హాలు దగ్గర దిగింది.

పెద్ద కేకు మధ్య బల్ల మీద ఉంది. దాని చుట్టూ పాతిక చిన్న డబ్బాలు, ప్రతి దాని మీదా బురుల్ పేరు, నంబరు. బురుల్ సంచి కింద పెట్టి ఒక్కొక్క చీటీ గోటితో లేపి పీకడం మొదలుపెట్టింది. తొతుయా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే పిచ్చిముండా! ఇంకో గంటలో పెళ్లికొడుకొస్తాడు!"

"నా పేరు నేను తీసుకుంటున్నా. కేకు నీదే, నీ దగ్గరే ఉంచుకో."

గొడవ విని జూరాకన్ వచ్చింది. బురుల్ పీకిన చీటీ చూపించింది. "ఇవి మా గదిలోంచి దొంగిలించినవండీ. ఈ కేకులు నేను చేయలేదు. ఎక్కడ చేశారో, ఎలా చేశారో నాకు తెలియదు."

జూరాకన్ తొతుయా వైపు చూసింది. తొతుయా వంటింటి వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. బురుల్‌కి ఆశ పుట్టింది. ఇప్పుడు తెలుస్తుంది అందరికీ, అనుకుంది.

జూరాకన్ గడియారం చూసుకుంది. "రెండొందల మంది వస్తున్నారు. వాళ్ల ముందు ఏం పెట్టను, నీ చీటీలు పెట్టనా?" అంది బురుల్‌తో. "అమ్మాయ్, మీ ఇంటికొస్తే నాకు తొడుగులిచ్చావు. ఇప్పుడు నా హాల్లో పెళ్లి చెడగొట్టడానికొచ్చావు. నీ పని శుభ్రం, కాదనను. నీతో ఎవరు వేగుతారు? పీకడం అయిపోతే వెళ్లు."

బురుల్ వెళ్లలేదు. ఇంకా పదకొండు డబ్బాలున్నాయి. అన్నీ పీకేదాకా పీకింది. పనిపిల్లలు ముక్కున వేలేసుకుని చూశారు. చివరి చీటీ కూడా సంచిలో వేసుకుని అప్పుడు కదిలింది.

ఆ పెళ్లిలో రెండొందల మందీ ఆ కేకు తిన్నారు. ఎవరికీ కడుపునొప్పి రాలేదు. ఎవరూ చీటీ ఏదని అడగలేదు. పెళ్లికూతురి తల్లి తొతుయాని పిలిచి భుజాల మీద శాలువా కప్పింది. సోమవారానికి ఏడాది ఆర్డరు తొతుయాది, మంగళవారానికి గది కూడా తొతుయాది. కాగితం సంగతి జూరాకన్ మళ్లీ ఎత్తనే లేదు. తెల్ల పలకల మీద చెయ్యి రాస్తూ, "నున్నగా అతికించావు చెల్లీ, చెయ్యి తిరిగిన దానివే" అంది తొతుయా. బురుల్ తన పొయ్యీ ఫ్రిజ్జూ అమ్మేయడానికి భర్త బస్సులోకి ఎక్కించింది. అరలు ఊడదీసింది. గోడకి కొట్టిన మేకులు కూడా లాగేసింది.

"కాగితం కూడా పట్టుకుపో" అంది కల్బూబు గుమ్మంలోంచి. "దాన్ని అడిగినవాళ్లు లేరు."

ఆ పై వారం బుధవారం, లైసెన్సులిచ్చే ఆఫీసులో బురుల్ ఆ కాగితాన్ని అద్దంలోంచి తీసి బల్ల మీద పెట్టింది. రద్దు చేయమంది. గుమాస్తా పిల్ల ఆశ్చర్యపోయింది. "రెండేళ్లు తిరిగారు కదక్కా దీనికోసం! ఏమైంది?"

"ఆ గది నాది కాదిప్పుడు."

"మరి ఖాళీగా ఉందా?"

"లేదు. కేకులు చేస్తున్నారు అందులో."

గుమాస్తా తలెత్తి చూసింది. తర్వాత సొరుగులోంచి ఫిర్యాదు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "మీ పేరు రాయకపోయినా ఫర్వాలేదక్కా. ఎవరూ రాయరు. ఇంట్లో వాళ్లతో ఎందుకొచ్చిన గొడవ?" అంది గొంతు తగ్గించి.

బురుల్ కలం అడిగి తీసుకుంది. తొతుయా పేరు, వాకిలి నంబరు, గది కొలతలు, ఏ రోజున ఎన్ని కేకులు బయటికి వెళ్లాయో, అన్నీ వరసగా రాసింది. ఎసెన్‌కుల్ పుట్టిన ఇల్లది. ఈ కాగితం అక్కడికి చేరిన రోజున భర్త తల్లి ముందు తలెత్తలేడు, ఆ గేటు తనకి మళ్లీ తెరుచుకోదు. ఏడుపొచ్చింది. మణికట్టుతో కళ్లు తుడుచుకుని, కాగితం తడవకుండా పక్కకి జరిపి, అడుగున తన పేరూ తండ్రి పేరూ ఇంటిపేరూ విడివిడిగా, అందరికీ అర్థమయ్యే అక్షరాలతో రాసి ఇచ్చింది.