తొడగని తలకు డబ్బు

పెద్దాసుపత్రి వెనక గేటుకు ఎదురుగా, మందుల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఇరుక్కున్న గదిలో ముప్ఫై ఏళ్ళుగా విగ్గులు కడుతోంది సవరాల పెద్దమ్మ. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు. మొగుడు నాటకాలవాళ్ళకు జడలూ గడ్డాలూ మీసాలూ కట్టేవాడు. ఆయన పోయాడు, నాటకాలూ పోయాయి, ఎదురుగా ఆసుపత్రి లేచింది. రాజులకూ రాక్షసులకూ కట్టిన చేతులే క్యాన్సరు మందు పడి జుట్టు రాలినవాళ్ళకు కట్టడం మొదలుపెట్టాయి.

"రాక్షసులే నయం. అద్దం చూసుకుని ఏడ్చేవాళ్ళు కాదు," అనేది.

ఆమె పనికి వంక పెట్టినవాడు పుట్టలేదు. నుదుటి నుంచి మెడ గుంట దాకా, ఈ చెవి నుంచి ఆ చెవికి, తల చుట్టూ, మొత్తం ఐదు కొలతలు. చెక్క తల మీద జాలీ టోపీ బిగించి, కొక్కెం సూదితో రెండేసి మూడేసి వెంట్రుకలు లాగి ముడెయ్యాలి. మొదలేదో కొసేదో చూసుకోకుండా ముడేస్తే వారం తిరక్కుండా అది పిచ్చుక గూడే. ఒక్క తలకు మూడు వారాలు పడుతుంది.

ఆ కొట్టుకు రెండు కట్టుబాట్లు. అక్కడ చావు మాట ఎత్తకూడదు. కొలతిచ్చిన మనిషి మళ్ళీ రాకపోతే "పని ఆగింది" అనాలి, అంతే. రెండోది, తొడగని తలకు డబ్బు తీసుకోకూడదు. కొలతనాడు సగం కట్టించుకుంటుంది. పని ఆగితే ఆ సగమూ ఇంటివాళ్ళ చేతిలో పెట్టేస్తుంది. మొదటి ఏడాది మాత్రం ఒక తండ్రికి జుట్టు ఖరీదు మినహాయించుకుని ఇచ్చింది. ఆయన చూసుకోకుండానే జేబులో పెట్టుకుని, "సరిపోయిందమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట నెల రోజులు ఆమెకు ముద్ద దిగనివ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ ఎవరి దగ్గరా మినహాయించుకోలేదు.

అలా నడుస్తుండగా జనం జేబుల్లోంచి నోట్లు మాయమయ్యాయి. కొలతకు కూర్చుని, లేచేముందు కార్డు చాపేవాళ్ళు. కార్డు గీకే మెషిను లేదంటే, ఆసుపత్రి వరండాలో అద్దాల కొట్టు ఉందిగా, అక్కడికి నడిచేవాళ్ళు. అక్కడ అమ్మేది నైలాను పోగులు. నెత్తిన పెట్టుకుంటే చీపురు తిరగేసినట్టుంటుంది.

"ఈ నెల ఆరుగురు లేచి వెళ్ళిపోయారత్తయ్యా. మెషిను పెట్టాల్సిందే," అంది కోడలు. పక్కన కూర్చుని జుట్టు దువ్వి కట్టలు కట్టేది ఆమే. డిగ్రీ చదివింది. అత్త చదువు నాలుగో తరగతి. అయినా ఆ కొట్లో చదువు ఊసు కోడలు ఎత్తదు. ఎత్తితే, "నీ డిగ్రీతో ఒక్క ముడి వెయ్యవే, చూస్తాను," అంటుందని తెలుసు.

మెషిను కంపెనీల తరఫున మొదట వచ్చినవాడు నెరిసిన మీసాల మనిషి. వాళ్ళ కంపెనీ ప్రతి చెల్లింపులో నూటికి మూడు పట్టుకుంటుందట. పుస్తకం తీసి, "మీకు డబ్బు వెనక్కిచ్చే అవసరం ఎంత పడుతుందమ్మా? అది తెలియకుండా నేను మెషిను ఇవ్వను," అన్నాడు.

"నా పని వాపసు వస్తుందా అని అడుగుతున్నావా?"

"పని కాదమ్మా, డబ్బు."

"నూటికి మూడూ కావాలి, నా ఇంటి గుట్టూ కావాలి. లే బాబూ, ఎండ ముదరకముందే."

అతను కోపం తెచ్చుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ఎవరి మెషిను పెట్టుకున్నా ఈ ముక్క మాత్రం దాచకండమ్మా," అని చెప్పి మరీ వెళ్ళాడు. మంచి మాట మీసంలోంచి వచ్చినా మంచి మాటే. వినేవాళ్ళుండాలి.

మర్నాడు వచ్చినది ఇంకో కంపెనీ పిల్ల. నూటికి ఒకటిన్నరే, డబ్బు తెల్లారేసరికి ఖాతాలో. చేతిలో పలక లాంటి ఫోను, అందులో ప్రశ్నలు. ఆ వేళకు కుర్చీలో టీచరమ్మ ఉంది. నలభై ఏళ్ళ మనిషి, పిల్లల్ని గదమాయించి గదమాయించి గొంతు బొంగురు పోయింది. తలమీద అక్కడక్కడా నాలుగు పోగులు మిగిలాయి. పెద్దమ్మ టేపు ఆమె చెవుల మీదుగా పట్టుకుని ఉంది.

"నెలకి డబ్బు వాపసు ఇచ్చేవి ఎన్ని ఉంటాయమ్మా?" అంది ఆ పిల్ల, ఫోనులోంచి తలెత్తకుండానే.

కోడలు నోరు తెరిచింది. పెద్దమ్మ ఒక్క చూపు చూసింది, ఆ నోరు మూతపడింది. టేపు కింద టీచరమ్మ కణత నరం కొట్టుకోవడం ఆమె వేళ్ళకు తెలుస్తూనే ఉంది.

"ఒక్కటీ లేదు. సున్నా వేసుకో."

"అయితే ఆ మొదటిదాన్ని నేనేనేమో పెద్దమ్మా," అని నవ్వింది టీచరమ్మ. "బళ్ళో కూడా ఏ లెక్కా నాతో సరిగ్గా తేలేది కాదు."

"నోర్ముయ్యి. తల కదిపావంటే ఒక చెవి పైకీ ఒక చెవి కిందకీ వస్తుంది. నువ్వు రెండోది చేయించుకోడానికి వస్తావు, అప్పుడు పది రూపాయలు తగ్గిస్తాను."

"పదేనా? పీనాసి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పెద్దమ్మ సంతకం పెట్టేసింది. పిల్ల మెషిను పెట్టి వెళ్ళింది, టీచరమ్మ అందులోనే కార్డు గీకి వెళ్ళింది. అప్పుడు కోడలు లేచి, "ఆ అమ్మాయి ఇంకా బస్టాపులోనే ఉంటుంది. పరిగెత్తి అసలు సంగతి చెప్పి రానా?" అంది.

"ఏమని చెప్తావు? మా కొట్టుకొచ్చేవాళ్ళు సగం మంది తొడుక్కోకుండానే పోతారని రాయిస్తావా? పైన నా పేరు, కింద ఆ ముక్కా! కూర్చో."

కోడలు కూర్చుంది.

రెండు వారాలు మెషిను బాగానే కూసింది. ఆ తర్వాతిది పాడు నెల. కొలతిచ్చిన పదకొండు మందిలో ఐదుగురి పని ఆగింది. అందులో టీచరమ్మ ఒకతె. కార్డు మీద వచ్చిన డబ్బు ఆ కార్డుకే వెనక్కి పోవాలట, కంపెనీ రూలు. కోడలు ఐదూ వెనక్కి పంపింది. ఆరో రోజు మెషిను మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఖాతా ఆపేశారు. లోపలున్న డబ్బంతా లోపలే.

కంపెనీకి ఫోను చేస్తే ఒక మగ గొంతు, పాఠం అప్పజెప్పినట్టు: "మీరు సున్నా అని రాశారు మేడమ్. పదకొండులో ఐదు వాపసులు. ఇలాంటివి మేం మోసం కింద చూస్తాం."

"ఏమన్నావ్?"

"మోసం అని కాదు మేడమ్, మోసం కింద చూస్తాం అని."

"నాయనా, ముప్ఫై ఏళ్ళుగా డబ్బు వెనక్కిచ్చేది నేను. వెనక్కిచ్చే దొంగను నువ్వెక్కడైనా చూశావా?"

ఆ గొంతుకు అలాంటివి ఎక్కవు. ఆ ఐదుగురూ లేరని కాగితాలు, ఐదుకు ఐదూ, పంపాలి. పంపకపోతే డబ్బు ఆరు నెలలు అట్టే ఉంటుంది. పైగా ఒక కంపెనీ ఆపిన కొట్టుకు ఇంకో కంపెనీ మెషిను ఇవ్వదు. మీసాల మనిషికి ఫోను చేసి అడిగింది కోడలు. ఆయనా అదే చెప్పాడు, బాధపడుతూనే.

డబ్బు ఆగితే పస్తులుంటుంది, పెద్దమ్మకు అదేం కొత్త కాదు. కానీ చెక్క తలల మీద నాలుగు టోపీలు సగంలో ఉన్నాయి. జుట్టు వ్యాపారి అరువివ్వడు. ఆ నలుగురికీ ఆరు నెలలంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"నేను వెళ్ళి అడుగుతానత్తయ్యా," అంది కోడలు.

"సున్నా వేయించింది నువ్వా?" అని పెద్దమ్మ చీర సర్దుకుని బయల్దేరింది.

మొదట టీచరమ్మ ఇల్లు. మూడో అంతస్తు, రెండు గదులు. తల్లి తలుపు తీసింది, ఎనభై దగ్గర పడ్డ మనిషి. గోడ వారగా దిద్దని పరీక్ష కాగితాల కట్టలు. బడివాళ్ళు ఇంకా వచ్చి పట్టుకుపోలేదు.

"డబ్బు పంపాను, చేరిందామ్మా?"

"ఎక్కడికి చేరుతుంది? బ్యాంకువాళ్ళు అది మూసేశారు. డబ్బు సంగతి తర్వాత. మా అమ్మాయి జుట్టేది?"

పెద్దమ్మ గోడ వారనున్న కట్టల వంక చూసింది.

"ఎంతవరకు అయింది?"

"చెవుల దాకా."

"అంతే ఇవ్వు. నాకు చాలు."

"విప్పేశాను."

పని ఆగిన టోపీని ఆమె విప్పేస్తుంది, ముడి ముడీ. ఆ జుట్టు కడిగి ఇంకొకరికి కడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా డబ్బే తిరిగిచ్చింది కానీ, జుట్టు కావాలా అని ఒక్కర్నీ అడగలేదు. అడగాలని తోచనూ లేదు. ఆ ముసలావిడ ఆమె చేతుల వంక చూసింది, ఏడవలేదు.

"మరి ఎందుకొచ్చావు?"

"ఆ మెషినువాళ్ళు... పని ఆగినట్టు ఒక కాగితం కావాలంటున్నారమ్మా."

"ఏం ఆగింది?"

"పని."

"నీ పని ఆగిందా, నా కూతురు ఆగిందా? నీకు కావాల్సిన కాగితం బీరువాలో ఉంది. అందులో ఏం రాసుందో నోటితో అడుగు, ఇస్తాను. నెల నుంచీ అందరూ అంతే. వెళ్ళిపోయిందంటారు, లేదంటారు, విశ్రాంతి అంటారు. ఒక్కరూ నా మొహం చూసి అనరు. నువ్వు అను."

పెద్దమ్మ నోరు పెద్దదని వీధంతా పేరు. ఆ గుమ్మంలో మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, దించేసింది.

"మీ అమ్మాయి చచ్చిపోయింది. చచ్చిపోయినట్టు కాగితం ఇవ్వమ్మా."

ముసలావిడ తలాడించింది. లోపలికెళ్ళి, కాగితం తెచ్చి, రెండు చేతులతో ఇచ్చింది. "రెండోసారి రాకు," అంది.

మిగతా నాలుగిళ్ళలో ఎవరూ ఆ మాట అనమని అడగలేదు. అయినా గుమ్మంలోనే అనేసి అడిగింది. ఒకచోట తలుపు మొహం మీదే వేశారు. ఆ ఇంటి మెట్ల మీద రెండు రోజులు కూర్చుంటే మూడోనాడు కిటికీలోంచి కాగితం జారవిడిచారు.

ఐదు కాగితాలూ అందాక కంపెనీ ఖాతా తెరిచింది. ఐదిళ్ళ డబ్బూ ఐదిళ్ళకు చేరింది. జుట్టు వచ్చింది, నాలుగు టోపీలూ పూర్తయ్యాయి. వాటిలో మూడింటిని తొడిగింది.

కానీ కంపెనీ ఒక షరతు పెట్టింది. ఇకమీదట కొలతనాడే, డబ్బు వాపసు పడితే ఏ మనిషికి చేరాలో కొనేవాళ్ళే రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేనిదే మెషిను నడవదు.

"నేను అడుగుతానత్తయ్యా, మీరు కొలత తియ్యండి," అంది కోడలు.

"నేనే అడుగుతాను. ఆ కాగితం కింద నేను ఇంకో మాట కూడా అడిగి రాయించాలి."

ఆ ఉదయం వచ్చిన పిల్లకు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. తలకు రుమాలు, చేతిలో కార్డు. పెద్దమ్మ టేపు పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇది తొడుక్కోకముందే నువ్వు చనిపోతే డబ్బు ఎవరికివ్వాలి? జుట్టు ఎవరికివ్వాలి?"

కోడలు చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆ పిల్ల లేచింది. కార్డు లోపల పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది, వరండాలోని అద్దాల కొట్టు వైపు చూసింది. పెద్దమ్మ పిలవలేదు.

పిల్ల వెనక్కొచ్చి కూర్చుంది. పెన్ను తీసుకుంది.

"డబ్బు మా తమ్ముడికి," అంది. "జుట్టు ఎవరికీ వద్దు."

"రాయి," అంది పెద్దమ్మ. రాశాక రుమాలు విప్పి, టేపు అందుకుంది.