రేడియేటరు చల్లబడేదాకా

మా ఇంట్లో నా చిన్నప్పుడు పొద్దున్నే అందరికంటే ముందు నీళ్ళు తాగేది కారు. మా నాన్న టాక్సీ నడిపేవాడు. నల్లటి ఒళ్ళు, పసుపుపచ్చ టాపు ఉన్న పాత అంబాసిడరు అది. విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర, హార్బరులో ఓడ కూత వేస్తే పళ్ళెంలో గ్లాసు అదిరేంత దగ్గరి సందులో ఉండేవాళ్ళం. నాన్న లేచి ముఖమైనా కడుక్కోకుండా బానెట్టు ఎత్తి రేడియేటరులో నీళ్ళు చూసేవాడు. తర్వాత ఇంజన్లోంచి సన్నటి ఇనుప పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దింపి పైకి తీసి, ఆయిలు ఎంతవరకు అంటుకుందో వెలుతురుకేసి పట్టి చూసేవాడు. టైర్లను కాలితో తన్ని, ఆ చప్పుడును బట్టి గాలి సరిపోయిందో లేదో చెప్పేవాడు. చివరికి ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. అది ఎంత వంగాలో ఆ వేలికి తెలుసు.

ఇవన్నీ చేస్తూ అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న మా నాయనమ్మతో మాట్లాడుతూ ఉండేవాడు. బెల్టు తిరిగితేనే ఫ్యాను తిరుగుతుందనీ, ఫ్యాను తిరిగితేనే రేడియేటరులో నీళ్ళు చల్లబడతాయనీ, ఆ నీళ్ళు చల్లగా ఉంటేనే ఇంజను బతుకుతుందనీ చెప్పేవాడు. ఆవిడ ‘ఊఁ’ కొట్టేది. నాయనమ్మకు చదువు లేదు, కారు తలుపు తియ్యడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. నాన్న మనసు తేలికపడడానికి ఎవరో ఒకరు వినాలి కాబట్టి వింటున్నదని నేను అనుకునేదాన్ని.

నాన్న ఎడమ ముంజేతి మీద మోచేతి దాకా ముడతలు పడిన మచ్చ ఒకటి ఉండేది. పెళ్ళికి ముందు ఒక లారీ షెడ్డులో క్లీనరుగా ఉన్నప్పుడు, కాగిపోతున్న రేడియేటరు మూత తిప్పాడట. ఆవిరీ మరిగే నీళ్ళూ ఒక్కసారిగా ఎగజిమ్మాయట. నాయనమ్మే ఆ చేతికి వెన్న రాసి, అరిటాకు చుట్టి, అన్నం కలిపి నోట్లో పెట్టి బాగు చేసుకుంది. ఇంజను చల్లబడకుండా మూత ముట్టుకోకూడదని మా సందులో పసిపిల్లలకు కూడా నాన్న ఆ చెయ్యి చూపించి చెప్పేవాడు.

మా అక్కను పరవాడ ఇచ్చాం. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీల గొట్టాలు కనిపిస్తాయి కానీ అప్పట్లో జీడితోటలు, చెరుకు, చోడి చేలు, అంటే రాగులు. బావ ఓడ మీద కళాసీ. అక్కకు నెలలు నిండుతున్నప్పుడు అతను సముద్రంలో ఉన్నాడు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి ఒక మంచిరోజు చూసుకుని అక్కను తీసుకురావడానికి బయల్దేరాం. తమ్ముడికి జ్వరంగా ఉండి అమ్మ ఇంట్లో ఉండిపోయింది. నాన్న, నాయనమ్మ, నేను వెళ్ళాం. నాకు నాలుగో తరగతి అయిపోయి వేసవి సెలవులు. కారులో అంత దూరం వెళ్ళడం నాకు అదే మొదలు. దారి పొడవునా ఉక్కు ఫ్యాక్టరీకి కంకర మోసే లారీలు ఎదురొస్తుంటే అద్దం దింపుకుని దుమ్మంతా తిన్నాను.

అక్కవాళ్ళింట్లో భోజనాలయ్యాక, ఎండ చల్లబడ్డాక వెళ్ళండని ఆమె అత్తగారు అన్నది. సాయంత్రం హార్బరులో ఎవరినో దింపే పని ఒప్పుకున్నానని నాన్న ఎండలోనే బయల్దేరదీశాడు. వెనక సీట్లో అక్క, ఆమెను ఆనుకుని నాయనమ్మ, ముందు నాన్న పక్కన నేను. ఊరు దాటి కొంతదూరం వచ్చామో లేదో అక్క మాటలు ఆపేసింది. తిరిగి చూస్తే కింది పెదవి కొరుక్కుంటూ నాయనమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకా నెల ఉందనుకున్న నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

నాయనమ్మ చాలా మామూలుగా, “ఒరే నాయినా, ఇంటికొద్దు. తిన్నగా పెద్దాసుపత్రికి పోనీ” అన్నది.

నాన్న వేగం పెంచాడు. కళ్ళు రోడ్డు మీద కంటే అద్దంలో అక్క మీదే ఎక్కువ ఉన్నాయి. ముందు నుంచి టప్పుమని ఏదో తెగిన చప్పుడైంది. స్టీరింగు వెనక ఎర్రలైటు వెలిగింది. మామూలు రోజైతే ఆ లైటు వెలగగానే బండి ఆపేసేవాడు. ఆ రోజు చూడలేదు. నేను చూశాను కానీ అదేమిటో నాకు తెలియదు. గాజువాక ఇంకా దూరం ఉందనగా బానెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచి అద్దాన్ని కప్పేసింది. బండి రోడ్డు పక్కకు వచ్చి ఆగింది. ఇటూ అటూ ఎండిన చేలు, దూరంగా ఒక తాటితోపు తప్ప ఏమీ లేదు. కంకర లారీలు కూడా ఆ వేళకు ఎక్కడో నీడ చూసుకున్నట్టున్నాయి.

నాన్న దిగి బానెట్టు ఎత్తాడు. ఫ్యాను బెల్టు తెగి పాములా వేలాడుతోంది. లోపల రేడియేటరు బుసబుసమంటోంది. అక్క మళ్ళీ మూలిగింది. ఆ మూలుగు వినగానే నాన్న భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని మూత మీదికి వంగాడు. మచ్చ ఉన్న చెయ్యే అది. పసిపిల్లలకు కూడా వద్దని చెప్పే మనిషి, తన కూతురు నొప్పులు పడుతుంటే, ఆ నిమిషంలో తనకు తెలిసినదంతా మరిచిపోయాడు.

తలుపు తియ్యడం రాని నాయనమ్మ ఆ రోజు ఎలా తీసుకుందో, ఎప్పుడు దిగిందో తెలియదు. నాన్న మోచెయ్యి పట్టుకుని ఉంది. మూత ముట్టుకోవద్దని అనలేదు. మచ్చ ఊసు ఎత్తలేదు. అరవలేదు.

“మూత తీసి ఏటి పోత్తావ్? నీల్లు నేవు” అన్నది.

“డిక్కీలో డబ్బా ఉందమ్మా.”

“అది ఉత్తదే. మీరు అన్నాలు తింటన్నప్పుడు కాల్లు కడుక్కోడానికి నాను ఒంపేసినాను. అదిగో, ఆ తాటితోపు కాడ నుయ్యున్నట్టుంది. బేగెల్లి కడవో బకిట్టో అడిగి పట్రా.”

నాన్న ఒక్క క్షణం ఆమెవంక చూసి, తువ్వాలు అక్కడే పడేసి, చేనుకు అడ్డంపడి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

నేను నోరు తెరిచాను. ఎందుకంటే అక్క పెట్టె డిక్కీలో పెడుతున్నప్పుడు ఆ డబ్బాను పక్కకు జరిపింది నేనే. అది కదలనంత నిండుగా ఉంది. నాయనమ్మ అబద్ధం ఆడగా నేను అంతకుముందు వినలేదు. నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ చూపులో. నేను నోరు మూసుకున్నాను.

“అమ్మీ, నీకో పని. ఆ రేకు మీద సెయ్యెట్టి సూత్తుండు. కాలితే తీసెయ్యి. ఎప్పుడు సెయ్యి నిలుత్తాదో అప్పుడు నాకు సెప్పు” అన్నది. ఎత్తిపెట్టి ఉన్న బానెట్టుకు పక్కన, చక్రం మీది రేకు చూపించింది. నేను అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాను. మళ్ళీ ఆనించాను. ప్రపంచంలో అంతకంటే ముఖ్యమైన పని లేదన్నట్టు నిలబడ్డాను.

తర్వాత ఆవిడ అక్క పక్కన కూర్చుని, కొంగుతో విసురుతూ, పరవాడలో చేపలు ఏవి దొరుకుతాయి, ఎవరు తెచ్చి అమ్ముతారు, అత్తగారు పులుసులో చింతపండు ఎక్కువేస్తుందా అని అడగడం మొదలుపెట్టింది. నొప్పి వచ్చినప్పుడు ఆగేది, అక్క నడుము రాసేది, తగ్గగానే మళ్ళీ చేపల దగ్గరికి వచ్చేది. ఒక దఫా అక్క ఏడుస్తూనే, “వంజరాలు నేవు నాయనమ్మా, కవళ్ళే” అన్నది. నాకు నవ్వొచ్చింది. అక్కకూ వచ్చింది. బుసకొడుతున్న ఇంజను చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గి, టిక్కు టిక్కుమని లోహం సర్దుకునే చప్పుడు మిగిలింది. నా చెయ్యి కూడా రేకు మీద ఆగడం మొదలైంది.

నాన్న తిరిగి వచ్చేటప్పటికి ఒళ్ళంతా చెమట. చేతిలో నీళ్ళ బకెట్టు. వెనక ఒక నడివయసు ఆవిడ వస్తోంది. బకెట్టు ఆవిడది. విషయం విని, బకెట్టు ఇచ్చి ఊరుకోలేక వెంట వచ్చేసిందట. నేరుగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, అక్క పొట్ట మీద చెయ్యి వేసి చూసి, నొప్పి ఎంతసేపటికి వస్తున్నదో అడిగి, “ఇంకా టైముందమ్మా. నాకు నలుగురు. నాకు తెల్దా ఏటి?” అన్నది. ఆ మాట విని నాన్న బకెట్టు కింద పెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. వెళ్ళేటప్పుడు ఉన్న ముఖం కాదు అది. నడకకో, నూతి దగ్గర మాటలకో, అది తేటపడింది.

బెల్టు మార్చినప్పుడల్లా పాతది పారెయ్యకుండా డిక్కీలో దాచడం నాన్న అలవాటు. దాని కోసం డిక్కీ తెరిచాడు. నీళ్ళ డబ్బాను ఒక చేత్తో కొంచెం ఎత్తి, మళ్ళీ దించిన చప్పుడు వినపడింది. డిక్కీ మూత పక్కనుంచి తల బయటికి పెట్టి నాయనమ్మ వంక చూశాడు.

“ఏటి సూత్తన్నావ్? బెల్టు ఎయ్యి” అన్నది ఆవిడ.

నాన్న బెల్టు తీసుకుని ముందుకు వచ్చాడు. బోల్టు వదులు చేసి, పాత బెల్టు ఎక్కించి, బిగించి, బొటనవేలితో నొక్కి చూశాడు. గోనెసంచి తడిపి రేడియేటరు మూత మీద వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మూతను కాస్తే కదిపి ఆగాడు. అంతసేపు ఆగాక కూడా లోపలి నుంచి సుయ్యిమని ఆవిరి వచ్చింది. గోనెసంచి ఎగిరింది. అది ఆగేదాకా ఉండి అప్పుడు మూత తీశాడు. మేం ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో ఆ సుయ్యిమన్న చప్పుడే చెప్పింది. ఇంజను స్టార్టు చేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోశాడు. బకెట్టావిడ చాలాసేపు రోడ్డు మీదే నిలబడి మాకు చెయ్యి ఊపింది.

గాజువాక దాటాం, సింధియా దాటాం. నాన్న ఆ పాత బెల్టుతో బండిని మెల్లగా, మాట్లాడుతూ నడిపాడు. ఆస్పత్రి మెట్ల దగ్గర అక్కను దింపి లోపలికి తీసుకెళ్ళాక అతను బండిని పక్కన పెట్టి వచ్చాడు. దీపాలు పెట్టే వేళకు నర్సమ్మ బయటికి వచ్చి ఆడపిల్ల అనీ, చిన్నగా ఉన్నా బాగా ఏడుస్తోందనీ, తల్లి కులాసాగా ఉందనీ చెప్పింది. నాన్న గోడకు ఆనుకుని అలాగే జారి నేల మీద కూర్చున్నాడు. నేను మొదటిసారి ఒక పెద్దమనిషి సంతోషంతో ఏడవడం చూశాను.

ఆ తర్వాత అక్కడే వరండాలో అతను నాయనమ్మను అడిగాడు. “డబ్బా నిండుగానే ఉంది గదమ్మా. ఎందుకు ఉత్తదన్నావ్?”

“మూత తియ్యొద్దురా అంటే ఇనీవోడివేటి ఆ టయానికి?” అన్నది నాయనమ్మ. “నీకు తెల్దని కాదు. నాకు సెప్పిందే నువ్వు. బయిమేసినోడికి మాట సెవికెక్కదు, ఏదో పని సెప్పాల. కాల్లు నడిత్తే బుర్ర సల్లబడతాది.”

నాన్న చెప్పినవన్నీ ఆవిడ ఇన్నేళ్ళూ నిజంగానే విన్నదని నాకు అప్పుడు తెలిసింది. రేకు మీద నా చెయ్యి నిలవడానికీ లోపలి నీళ్ళు చల్లబడడానికీ పెద్ద సంబంధం లేదని మాత్రం చాలా ఏళ్ళకు, నేను కారు నేర్చుకున్నాక తెలిసింది. ఆ పని ఇంజను కోసం కాదు. నేను కూడా భయపడ్డానని ఆవిడ చూసింది.

పెద్దయ్యాక సీతమ్మధారలో ఒక క్లినిక్కులో నర్సుగా చాలా కాలం పనిచేశాను. మనుషులు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చేవాళ్ళు. కంగారు పడకండి అని నేను ఎవరితోనూ అనలేదు, అంటే తగ్గే కంగారు కాదని తెలుసు కాబట్టి. ఒక కుర్రాడు గుర్తున్నాడు. భార్యతో కలిసి, మూర్ఛ వచ్చిన పసిబిడ్డను ఎత్తుకొచ్చి, బిడ్డను మా చేతికిచ్చాక గుండె బాదుకుంటూ డాక్టరు గారికి అడ్డం పడుతున్నాడు. నేను అతని భుజం పట్టుకుని, మీ ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయేట్టుంది, రోడ్డు చివర కొట్లో చక్కెర ఎక్కువేయించి టీ పట్రా బాబూ అన్నాను. మా గుమ్మానికి దగ్గర్లోనే ఇంకో టీకొట్టు ఉన్నా దాని సంగతి చెప్పలేదు. అతను పరిగెత్తాడు. వచ్చేసరికి బిడ్డ కళ్ళు తెరిచి, తల్లి ఒళ్ళో పడుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని అతను బెంచీ మీద కూలబడ్డాడు. ఆ టీ చివరికి అతనే తాగాడు.