కాంటా ఎక్కిన వారసుడు

ఆ రోజుల్లో మనిషికి వెన్నెముక ఉన్నది నిటారుగా నిలబడటానికేనని, వంగటానికి కాదని నా గట్టి నమ్మకం. వర్ధన్నపేట అవతల ఉన్న మా తాతగారి కోటలాంటి గడి, దాని చుట్టూ పొలాలు నేను పుట్టకముందే చేతులు మారాయి. మాకు మిగిలినవి సుబేదారిలో రెండు అద్దె గదులు, తాతగారి షేర్వానీ, ఆయన బిరుసు మెడ. (మెడ నాకే వచ్చింది.) అలాంటి నాకు అరుణాచల్ కొండల్లో వంతెనలు కట్టే కంపెనీలో ఉద్యోగం దొరికింది. సోమవారం సాయంత్రంలోగా చేరకపోతే తరువాతివాణ్ణి పిలుస్తామన్నారు. "ఆఫీసర్‌గా పోతున్నా" అని వీధంతా చెప్పి వచ్చినవాణ్ణి, తిరిగి వెళ్ళే ముఖం లేదు. తీరా సోమవారం పొద్దున ఆ కొండల మొదట్లోకి చేరితే, కొండచరియలు పడి రోడ్డు మూసుకుపోయింది. మిగిలిన దారి ఒక చిన్న విమానం. మన షేర్ ఆటోకు రెక్కలు కట్టినట్టుంది.

సామాను బరువెక్కువైతే ఎక్కించరని విని, నేనొక ఉపాయం చేశాను. పెట్టెలోని బట్టలన్నీ ఒంటికి తొడిగాను. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, స్వెట్టర్, అన్నిటి మీదా తాతగారి జరీ షేర్వానీ. పెట్టె తేలికైపోయింది. గర్వంగా నిలబడ్డాను. అప్పుడు పైలట్, "ఇక మనుషులు ఒక్కొక్కరే కాంటా ఎక్కండి" అన్నాడు హిందీలో. తాతగారి వాకిట్లో పత్తి తూచేవారట, అలాంటి కాంటా. "మా వంశంలో ఎవరూ కాంటా ఎక్కలేదు" అని నా హిందీలో ప్రకటించి చేతులు కట్టుకోబోయాను. (అన్ని బట్టల మీద అవి ఒకదానికొకటి అందలేదు.) "తాతగారూ, చూస్తున్నారా" అని తెలుగులో గొణుక్కున్నాను. వెనక పకపకా నవ్వు. నేను వెళ్ళే చోటే మిషన్ దవాఖానలో పనికి వెళ్తున్న తొర్రూరు నర్సమ్మ.

"ఏందన్నా, మనదిక్కోనివేనా! జర జల్ది ఎక్కు. మబ్బు కొండ దిగుతాంది. అది వచ్చిందంటే ఇయ్యాల ఇగ ఇమానం లేవదట."

"మాది పెద్ద ఇల్లమ్మా. మేము తూకానికి నిలబడం."

"నిలబడకపోతే ఇడిసిపెట్టి పోతడు. తూకానికి పెట్టిన పత్తి బోరెం అనుకొని కండ్లు మూసుకో, అయిపాయె."

కళ్ళు మూసుకొని ఎక్కాను. పైలట్ ముల్లును చూశాడు, బక్కపలచని నా ముఖాన్ని చూశాడు, మళ్ళీ ముల్లును చూశాడు. తరువాత అందరి ముందూ నన్ను ఉల్లిగడ్డలా ఒలిచారు. చివరికి ఒక చొక్కా, ఒక ప్యాంటు మిగిలాయి. ఒలిచిన బట్టలతో పాటు షేర్వానీని రన్‌వే కావలివాడికి అప్పజెప్పాను. విమానం తలుపు మూసేసరికి అతను దాన్ని తొడుక్కొని చూసుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకంటే అతనికే నప్పింది.

ఎగిరాక కాసేపు ఎండ. కింద మనిషి జాడ లేని అడవి. ఒక కొండ దాటామో లేదో వాన, ఇంకో కొండ దాటితే రెక్క కొన కూడా కనబడనంత పొగమంచు. "రన్‌వే కనబడకపోతే వెనక్కే" అని పైలట్ అరిచాడు. వెనక్కి! సుబేదారి వీధంతా వచ్చి నా కళ్ళ ముందు నిలబడింది. విమానం ఒకసారి చుట్టు తిరిగింది, మళ్ళీ తిరిగింది. వణుకుతున్న నా మీద నర్సమ్మ తన గులాబీ శాలువా కప్పి, "నువ్వు కూడ మీ దేవున్ని జర యాద్ చేస్కో అన్నా" అన్నది.

"మా ఇంటి దేవుళ్ళు ఇంత పైకి రారమ్మా" అన్నాను, ముక్కు మోకాళ్ళ మధ్య పెట్టుకొని.

"అయితే మా ప్రభువే ఇద్దరికి సర్దుకుంటడు తీ."

ఇంకో చుట్టులో మంచు చీలింది. పచ్చటి కొండ ఒడిలో సుద్దముక్కతో గీసినంత రన్‌వే! నేను కేక వేశాను. మా ఇళ్ళలో మగవాళ్ళు కేకలు వేసేది నౌకర్ల మీదే. సంతోషంతో వేయడం అదే మొదలు.

కింద జీపు దగ్గర మా కంపెనీ క్యాంపు పెద్దసారు నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళ శాలువాలో దిగిన ఇంజనీరును చూసి నవ్వలేదు, పేరు అడిగాడు. అలవాటు ప్రకారం ఇంటిపేరు, తాతగారి పేరు, గడి ఉన్న ఊరు వరుసగా అందుకున్నాను. "నీ పేరు చాలు. చాయ్ చల్లారిపోతోంది" అన్నాడు. చెప్పాను. ముందున్నవన్నీ తీసేస్తే అది మరీ రెండక్షరాలే మిగిలింది. ఆ రోజు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. ఆ రెండక్షరాలతోనే ఆ లోయలో ఏళ్ళ తరబడి వంతెనలు కట్టాను. ఇప్పుడు, పొగలు కక్కే చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకొని ఒట్టి పేరుతో నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తే, వెళ్ళి భుజం తట్టాలనిపిస్తుంది. తట్టనివ్వడు లెండి. అప్పటికింకా పొగరు పూర్తిగా దిగలేదు.