తమలపాకు చిరగని వైసు

మా ఇంట్లో కొబ్బరికాయ పీచు ఒలవాలన్నా, బిగుసుకుపోయిన పచ్చడి సీసా మూత తియ్యాలన్నా వెనక వసారాలో ఉన్న వైసు దగ్గరికే వెళ్తాం. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక దాన్ని నూనె గుడ్డతో తుడుస్తాను. ఆ పాత నూనె, ఇనుము కలిసిన వాసన చేతికి అంటుకుని, ఎంత సబ్బు పెట్టి కడిగినా అన్నం కలుపుకునేటప్పుడు మళ్ళీ లేస్తుంది. మావారు ముక్కు చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే గుడివాడ రైలుకట్ట పక్కన మా పెంకుటిల్లు, దాని ముందు వసారాకి బిగించిన ఇనుప కటకటాలు, వాటి వెనక వంగి పనిచేస్తున్న నాన్న వీపు కళ్ళముందు నిలబడతాయి.

వైసు చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. బల్లకి బోల్టులతో బిగించిన రెండు ఇనుప దవడలు, పిడి తిప్పితే దగ్గరికొచ్చి మధ్యలో పెట్టిన వస్తువును కదలకుండా పట్టుకుంటాయి, అంతే దాని సంగతి. కానీ మంచి వైసును ఎంచుకోవడం పెళ్ళి సంబంధం చూసినంత పని. ఈ విషయంలో నాకు తెలిసినంత మా జిల్లాలో మరో ఆడమనిషికి తెలియదని ధైర్యంగా చెప్పగలను. మగవాళ్ళలో ఎందరికి తెలుసో, అదీ అనుమానమే.

మా నాన్న దాసు రైసుమిల్లులో ఫిట్టరు. ఆయన చిన్నప్పుడు బందరులో ఒక ముసలి మేస్త్రీ దగ్గర తుపాకుల మరమ్మతు నేర్చుకున్నారు. ఆ పని సొంతంగా, ఇంట్లోనే చేసుకోవాలని ఆయన కోరిక. ఎన్నో ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగితే, తొంభైల్లో, నేను నాలుగో తరగతిలో ఉండగా లైసెన్సు వచ్చింది. దాన్ని అద్దం కట్టించి చర్చి క్యాలెండరు పక్కన తగిలించారు. ఆ రోజు అమ్మ సేమ్యా పాయసం చేసి వీధిలో ఇంటింటికీ గిన్నెలతో పంపింది. సార్వా చేలు పాలు పోసుకునే రోజుల్లో పిట్టల్ని బెదరగొట్టే లంక రైతులు, చేపల చెరువుల మీద వాలే కొంగలతో వేగలేని యజమానులు, బ్యాంకుల కాపలావాళ్ళు తమ లైసెన్సు తుపాకులు పట్టుకొస్తారని నాన్న లెక్క. మా గాలిలో ఉప్పు, నేలలో చెమ్మ. ఇనుము పుట్టిన దగ్గర్నుంచి తుప్పు పట్టడమే ఇక్కడ దాని వరస, కాబట్టి పనికి కొదవుండదని అందరం అనుకున్నాం. మిల్లు నుంచి గాలి ఇటు తిరిగితే ఇల్లంతా తవుడు వాసన, లేకపోతే కిరసనాయిలు, ఆకురాయి పొడి వాసన. నాకు తొక్కుడుబిళ్ల ఆడుకోవడానికి నాన్న ఒక ఇత్తడి బిళ్లను నున్నగా అరగదీసి ఇచ్చారు. దాన్ని చూసి వీధిలో ఆడపిల్లలంతా కుళ్ళుకునేవాళ్ళు, నేను కుళ్ళబెట్టేదాన్ని.

వచ్చిన చిక్కల్లా వైసుతోనే. మిల్లులో మూల పడేసిన పాతదాన్ని అడిగి తెచ్చుకున్నారు నాన్న. దాని దవడలకు ముతక పళ్ళు. మిల్లు ఇనుముకి అవి సరిపోతాయి, తుపాకీ కర్రకి పనికిరావు. మొట్టమొదట వచ్చిన తుపాకీ కర్ర మీద మూడు పళ్ళ గాట్లు పడ్డాయి. దాని యజమాని మర్యాదస్తుడు, ఏమీ అనకుండా తీసుకెళ్ళాడు, కానీ వెళ్ళిన చోటల్లా చెప్పాడు. రెండు నెలలపాటు మా వసారా మెట్టు ఎవరూ ఎక్కలేదు. నాన్న అవసరం లేకపోయినా పనిముట్లకి నూనె రాస్తూ కూర్చునేవారు. అద్దంలో ఉన్న లైసెన్సు వంక మాత్రం చూసేవారు కాదు. ఆ రోజుల్లో ఆ తుపాకీ యజమాని మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉండేది. తప్పు నాన్నదేనని తెలిసి ఇంకా కోపం వచ్చేది.

క్రిస్మస్‌కి మూడు వారాల ముందు నాగాయలంక వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తుపాకీని పాత పంచెలో చుట్టి తెచ్చారు. దివిసీమ ఉప్పెనలో ఇల్లు, ఇంట్లోవాళ్ళు కొట్టుకుపోతే బురదలో ఆయనకి దొరికింది అదొక్కటే. భుజానికి ఆనించుకునే కర్ర నిలువునా చిట్లి ఉంది, ఆ చిట్లు పక్కనే ఎవరో మేకుతో గీసిన వంకర అక్షరాలు, శివ అని. వేరే చోట చూపిస్తే ఆ గీతలు చిత్రిక పట్టేసి కొత్తదానిలా చేస్తామన్నారట. నాన్న మాత్రం ముందుగా ఇది రాసిందెవరండీ అని అడిగారు. మా అబ్బాయి అన్నారాయన. తర్వాత ఆ పెద్దాయనే లేచి వైసు దగ్గరికి వెళ్ళి దాని పళ్ళ మీద వేలు పెట్టి నిదానంగా తడిమారు. చిట్లు అతకాలంటే సరిగ్గా ఆ పేరు మీదే బిగించి పట్టాలని ఆయనకీ తెలుసు.

"ఈ పళ్ళకి మావాడి పేరు అందనివ్వనండి," అన్నారు తుపాకీని మళ్ళీ పంచెలో చుట్టుకుంటూ. "మంచి వైసు పెట్టుకోండి. మీ పండగ వెళ్ళాక వస్తాను."

ఈయన కూడా వెనక్కి వెళ్ళిపోతే ఇక ఆ అద్దం గోడ నుంచి దించెయ్యడమేనని ఆ పూట నాన్న అమ్మతో అనడం నేను విన్నాను.

మర్నాడే నాన్న, నేను గుడివాడ బజారుకి వెళ్ళాం. అక్కడ మిల్లువాళ్ళు మాత్రమే చేసే పొరపాటు చేశారు నాన్న. మిల్లులో ఇనుప సామానంటే ఎత్తి చూస్తారు, సుత్తితో కొట్టి మోత వింటారు, బరువుంటే మంచిదంటారు. నాన్న అలాగే ఎత్తి, కొట్టి, కొట్లో ఉన్నవాటిలోకెల్లా బరువైనదాన్ని పట్టారు. దాని ఆకుపచ్చ రంగు నిగనిగ చూసి నేనూ సరేనన్నాను. రిక్షాలో ఊరేగింపుగా ఇంటికి తెచ్చి బల్లకి బిగించి, ముందుగా ఒక టేకు ముక్క పెట్టి చూస్తే దవడలు పైన కలుస్తున్నాయి, కింద సందు. పైన ముక్క నలిగింది, కింద వదులుగా ఊగింది. సాయంత్రానికల్లా అదే రిక్షాలో వెనక్కి పంపేశాం. కొట్టువాడు గొణుక్కుంటూ తీసుకున్నాడు.

అప్పుడు అమ్మకి తన తమ్ముడు గుర్తొచ్చాడు. మావయ్య బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాడు. పిడికిలంత వైసులో గొలుసు కొలుకులు బిగించి, పైనున్న బంగారు పూత గీరుకోకుండా పని చేసే మనిషి. జరిగింది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "బరువు చూసి కొనడానికి అదేమన్నా పుచ్చకాయా బావా?" అని, నా నోటుపుస్తకంలోంచి కాగితం చించి సన్నని పేలికలు చేశాడు. దవడల మూలకి కాగితం పెట్టి బిగించి లాగాలి. జారి వచ్చేస్తే అక్కడ సందుందని. నాలుగు మూలలా కాగితం చిరగాలే గాని జారకూడదు. దవడలకి పళ్ళుంటే రాగి రేకు తొడుగు వెయ్యాలి, మెత్తటి రేకు పట్టు ఇస్తుంది, గాటు పెట్టదు. మిల్లు నుంచి తెచ్చిన పాతదానికి కాగితం జారిపోతే, దానికి రేకు వేసినా లాభం లేదన్నాడు.

ఆ పాఠం నేర్చుకుని ముగ్గురం రెండు రోజులు బందరంతా తిరిగాం. కొత్తవి, పాతవి, చూసిన ప్రతిదానికీ నేనే కాగితం లాగాను. ఏడు వైసులు నా చేతిలో తప్పాయి. చివరికి గిలకలదిండిలో, ఎండుచేపల వాసన, డీజిలు వాసన కలగలిసిన ఒక బోటు ఇంజన్ల షెడ్డులో, ఉప్పుగాలికి రంగంతా పొలుసులుగా రాలిపోయిన ఒక ముసలి వైసు కనబడింది. చూస్తే ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. నాన్న పిడి బిగించారు, నేను లాగాను. ఒక మూల చిరిగింది. రెండో మూల చిరిగింది. మూడు, నాలుగు కూడా. ఇదే నాన్నా అన్నాను, ధర అడగకముందే. షెడ్డు యజమాని నన్ను చూసి, ఈ మేస్త్రీ గారు ఎక్కణ్ణుంచి వచ్చారండీ అని నవ్వాడు. గోనెసంచిలో వేసి బస్సు సీటు కింద పెట్టుకుని గుడివాడ తెచ్చాం. దారి పొడుగునా నా కాళ్ళు దాని మీదే. ఆ వారమంతా నాన్న తుప్పు గీకి, నల్ల రంగు వేసి, మావయ్య వంచి ఇచ్చిన రాగి తొడుగులు తొడిగారు. అమ్మ అరిసెల పిండి దంచుకుంటూనే మధ్యమధ్య వచ్చి చూసి వెళ్ళేది.

పండగ వెళ్ళిన నాలుగో రోజున పెద్దాయన వచ్చారు. తుపాకీ విప్పలేదు. నడుముకి దోపుకున్న సంచిలోంచి ఒక తమలపాకు తీసి నాన్నకిచ్చి, బిగించమన్నారు. నాన్న ఆకుని రాగి దవడల మధ్య పెట్టి పిడి తిప్పారు. ఇంకొంచెం, ఇంకొంచెం అన్నారాయన. తర్వాత ఆకు కొస పట్టుకుని లాగారు, రాలేదు. వదులు చెయ్యమన్నారు. ఆకు మీద కాస్త తడి మరక తప్ప చిరుగు లేదు. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, సున్నం రాసి నోట్లో వేసుకుని, అప్పుడు పంచె ముడి విప్పారు.

మూడు రోజులు పట్టింది. చిట్లు అతుక్కుంది, గొట్టం తుప్పు వదిలింది, వంకర అక్షరాలు వంకరగానే ఉన్నాయి. పెద్దాయన వచ్చి వాటి మీద బొటనవేలు పెట్టి రాసిన వరసలోనే తడిమారు.

"తొమ్మిదో ఏట గీశాడండి. తుపాకీ పాడుచేశాడని ఆ రోజు వాణ్ణి చావగొట్టాను," అన్నారు. చేతులు జోడించి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే, ఎంచుకున్నది నేను కాబట్టి వైసు నాదేనన్న ధీమాతో, మేకు తీసుకుని దాని పక్కభాగంలో కొత్త రంగు మీద కరుణ అని నా పేరు గీశాను. తలెత్తితే నాన్న నిలబడి ఉన్నారు. దెబ్బ పడుతుందని భుజాలు ముడుచుకున్నాను. ఆయన వంగి, రాలిన రంగు పొడిని నోటితో ఊది లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత దివిసీమ నుంచి, గూడూరు నుంచి, బందరు నుంచి తుపాకులు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఆ రైసుమిల్లు ఫంక్షన్ హాలయింది, పెంకుటింటి చోట మూడంతస్తులు లేచాయి, చెరువుల మీద కొంగల్ని టపాకాయలతో తోలుతున్నారు, చిలకలపూడిలో మావయ్య వైసు పని మిషన్లు చేస్తున్నాయి. వైసుతో సహా మా ఇంటికి వచ్చేసిన నాన్న నిరుడు పోయాక లైసెన్సు ఆఫీసులో అప్పగించేశాం. అద్దం ఖాళీగా ఉంది.

ఉప్పుగాలి తినకుండా నాన్న ఏటా తొలకరికి ముందు వైసుకి రంగు వేసేవారు. ఈ ఏడు మొదటిసారి ఆ పని నా మీద పడింది. రెండు నిమిషాల పనని కుంచె ముంచి ఒక్క ఊపు ఊపాను. రంగు జారి నా పేరులో మొదటి అక్షరాన్ని సగం పూడ్చేసింది. అప్పటిదాకా ఆలోచించలేదు నేను. ఇన్నేళ్ళుగా ఇన్ని పొరల రంగు పడినా ఆ మూడక్షరాల్లోకి ఒక్క చుక్క పోలేదంటే, నాన్న ప్రతి ఏడూ ఆ పక్కన కూర్చుని వాటి చుట్టూ గీత గీతగా వేసి ఉండాలి. పిన్నీసుతో ఆ రంగుని తీసేసి, మావారిని సన్నని కుంచె తెమ్మని బజారుకి పంపాను.